అరవైకి మూడు తక్కువ

బుధవారం, జూన్ 11.
మధ్యాహ్నం రెండున్నర, బైండింగ్ షాపు.

నా పిచ్చుక తల్లికి,

నాన్న రెండు చేతులూ నీ తల మీద పెట్టి దీవించి రాస్తున్న ఉత్తరం. ఉత్తరమన్నాక ముందు క్షేమసమాచారాలు రాయాలని మా పంతులుగారు నేర్పారు. నేను చదివిన ఐదు తరగతుల్లో నాకు గట్టిగా వచ్చింది అదొక్కటే కాబట్టి దాన్ని వదలను. నేను క్షేమం. మోకాలు క్షేమం. వంటింట్లో కారే కుళాయి కూడా ఇప్పుడు క్షేమం. నువ్వు ఆ కొండలో సొరంగం తవ్వేవాళ్ళ దెబ్బలకి కట్లు కడుతూ, నీ కడుపు సంగతి మర్చిపోకుండా, క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమాలు అయిపోయాయి. ఇక నన్నెవరూ ఆపలేరు.

వచ్చిందే తల్లీ! యూనివర్సిటీ కవరు వచ్చింది!

ముప్ఫై తొమ్మిదేళ్ళ కూతురికి డెబ్బై దాటిన నాన్న ఇలా గంతులేస్తూ రాయకూడదేమో. వేస్తాను. షాపులో ఇప్పటికే వేశాను, జిగురు గిన్నె ఒకటి తన్నుకుని ఒలికిపోయింది కూడా.

పొద్దున పదకొండు గంటలకి పోస్టాయన వచ్చాడు. మూడు వారాలుగా అతని సైకిల్ బెల్లు వినపడితే చాలు, చేతిలో సూది వదిలేసి లేచి నిలబడుతున్నాను కదా. ఇవాళ అతను గుమ్మంలోనే ఆగి, పెద్దాయనా, ఇవాళ మాత్రం కూర్చునే తీసుకో, నా చేతి ఉత్తరం అందుకుని పడిపోయావంటే నాకు చెడ్డపేరొస్తుంది అన్నాడు. కూర్చున్నాను. కవరు నా ఒళ్ళో పెట్టాడు. పొడుగాటి కవరు, మూల మీద నీలం ముద్ర, నీ పేరు మిషను అక్షరాల్లో. నీ పేరు అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు తల్లీ.

తెరవలేదు. కంగారుపడకు, తెరవలేదు. నువ్వు వెళ్ళేముందు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, నాన్నా, కవరు వస్తే నువ్వు తెరవకు, ఫోన్ చేయకు, అక్కడ సైటు ఆఫీసులో ఫోన్ ఎత్తితే పదిమంది చెవులు దగ్గరికి వస్తాయి, కవరు కవరులాగే వ్యానులో పంపు, నా చేత్తో నేను తెరుచుకుంటాను అన్నావు. ఆ మాట నాకు గుర్తుంది.

కానీ కత్తెర బాబాయి ఊరుకుంటాడా! కోత మెషీను ఆపేసి వచ్చి నా నెత్తి మీద నిలబడ్డాడు. ఏరా, నలభై ఆరేళ్ళు పుస్తకాల తోలు ఊడదీసి మళ్ళీ తొడిగినవాడివి, ఒక కవరు మూత విప్పి అంటించలేవా, కవరు చేసినవాడు వచ్చి చూసినా కనిపెట్టలేడు కదరా అన్నాడు. నా కూతురు వద్దందిరా అన్నాను. అయితే దాన్ని అలాగే చంటిపిల్లలా ఒళ్ళో వేసుకుని జోకొట్టుకో, ఇవాళ్టి రిజిస్టర్లన్నీ నేనే కుడతాను అని మూతి తిప్పుకున్నాడు. కోపం నటించాడు గానీ, పది నిమిషాల్లో మళ్ళీ వచ్చాడు.

అప్పుడు ఏం చేశామో చెబితే నవ్వుతావు. మేడమీది లెక్కల టీచరమ్మ ఒకసారి అంది కదా, లేదు పొమ్మనడానికి ఒక్క కాగితం చాలు, రమ్మనాలంటే మాత్రం బోలెడు కాగితాలు కావాలి, ఫీజు కాగితం, హాస్టలు కాగితం, ఏ రోజు ఎక్కడికి రావాలో ఆ కాగితం అని. ఆ మాట నా బుర్రలో తిరుగుతోంది. కవరు అంచు బొటనవేలితో నొక్కి చూశాను. కాగితం సంగతి నా వేళ్ళకి కళ్ళ కంటే బాగా తెలుసు. మూడు మడతలు. మామూలు ఆఫీసు కాగితం. ఒకటి కాదు. రెండు కాదు. నా వేళ్ళు ఆరు అన్నాయి. బాబాయి నొక్కి చూసి ఏడన్నాడు. టీ పందెం. వెంటనే జిగురు పొడి తూచే చిన్న త్రాసు దించాం, ఒక పళ్ళెంలో నీ కవరు, రెండో దాంట్లో అలాంటిదే మన షాపు కవరు. అందులో కాగితాలు మడిచి ఒక్కొక్కటే వేస్తున్నాం. మూడు వేశాం, నీదే బరువు. నాలుగు, నీదే బరువు. ఐదు... చెమట్లు పట్టాయి తల్లీ, నిజంగా. ఆరోది వేసేసరికి ముల్లు మధ్యకి వచ్చి నిలబడింది.

ఆరు! ఆరు కాగితాలు రాసి మరీ ఎవరూ పొమ్మనరు కదా! ఆ జిగురు గిన్నె అప్పుడు తన్నిందే. బాబాయి టీ తెప్పించి, ఆరు పేజీలు తిట్టేవాళ్ళు కూడా ఉంటార్రా, నీకు తెలియదు, నా పెద్ద బావమరిది రాసేవాడు అన్నాడు. అననీ. వాడి కళ్ళు కూడా తడిశాయి, నేను చూశాను.

సీటు వచ్చినట్టే. నా మనసు ఒప్పేసుకుంది. ఇక మిగిలింది ఆ క్రెడిట్ల సంగతి.

నువ్వు, టీచరమ్మ కలిసి ఆ ఆదివారం నా గదిలో నేల మీద పరిచిన అట్ట కాగితం ఇంకా గోడకే ఉంది. రోజూ చూస్తున్నాను. ఎడమవైపు నువ్వు ఆ నర్సింగ్ కాలేజీలో రెండేళ్ళు చదివిన ఇరవై పేపర్లు. కుడివైపు ఈ యూనివర్సిటీ వాళ్ళ ఇరవై పేపర్లు. మధ్యలో గీతలు. క్రెడిట్ అంటే ఏమిటమ్మా అని నేను అడిగితే టీచరమ్మ అటూ ఇటూ చూసి, మీ పనిలో ముందే మడిచి పెట్టుకున్న ఫారాలు, అదే పుస్తకానికి కుట్టే కాగితాల మడతలు, ఉంటాయి కదండీ, వాటిని మళ్ళీ మడవరు కదా, నేరుగా కుట్టేస్తారు, అలాగే మీ అమ్మాయి చదివేసిన పేపర్లు మళ్ళీ చదవక్కర్లేదు అంది. అంత బాగా నాకు ఇంతవరకూ ఎవరూ ఏదీ చెప్పలేదు. ఒక్కో పేపరుకి మూడు. ఇరవైకి అరవై. అరవై ఉంటే నిన్ను నేరుగా మూడో ఏట్లో కూర్చోబెడతారు, రెండేళ్ళలో డిగ్రీ. అరవైకి ఒక్కటి తగ్గినా మొదటి ఏట్లోకే. నాలుగేళ్ళు. నిన్ను ఆ సైటుకి పంపిన ఆసుపత్రివాళ్ళు రెండేళ్ళకి మించి ఉద్యోగం నిలిపి ఉంచరు. అంటే ఆ అరవై లేకపోతే సీటు ఉండీ లేనట్టే. ఇది నాకు కంఠతా వచ్చేసింది, కావాలంటే పరీక్ష పెట్టుకో.

పందొమ్మిది గీతలు నువ్వు టకటకా గీసేశావు. ఇరవయ్యోది, శరీరధర్మశాస్త్రం రెండో భాగం, దానికి గీత లేదు. మీ అమ్మకి ఆపరేషన్ అయిన రోజే ఆ పరీక్ష. నువ్వు ఆసుపత్రి వరండాలో నాతో కూర్చున్నావు. ఆ తర్వాత కాలేజీకి వెళ్ళనే లేదు.

దానికీ దారి ఉందని టీచరమ్మే కదా నియమాల పుస్తకంలో వెతికి పట్టుకుంది. పరీక్ష తప్పిపోయి, తిరిగి రాసే అవకాశం ఎవరూ ఇవ్వకపోతే, యూనివర్సిటీయే ఒక ప్రత్యేక పరీక్ష పెడుతుంది. అవకాశం ఇచ్చినా రాయనివాళ్ళకి మాత్రం పెట్టదు. నువ్వు దరఖాస్తు నింపుతూ నా వైపు తిరిగి, నాన్నా, అప్పుడు కాలేజీ నుంచి తర్వాత ఏమీ రాలేదు కదా అని అడిగావు. నేను జిగురు సీసా మూత బిగిస్తున్నాను. రాలేదన్నాను. నువ్వు అదే రాశావు.

ఇక్కడ నీకు ఇంతవరకూ రాయని ముక్క ఒకటుంది. నీ డ్యూటీలో నువ్వుంటావు, ఎందుకు కంగారుపెట్టడం అని దాచాను. మూడు వారాల కిందట యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. చాలా మర్యాదగల పిల్ల. బాబాయిగారూ అంది నన్ను. మీ అమ్మాయి చదివిన కాలేజీ మూసేశారు కదండీ, దాని ఫైళ్ళన్నీ మా గోడౌన్లోనే ఉన్నాయి, రెండు రోజులు దుమ్ములో వెతికితే మీ అమ్మాయి ఫైలు దొరికింది అంది. ఏమేం ఉన్నాయమ్మా అందులో అన్నాను. అన్నీ ఉన్నాయండీ, ఒక్క కాగితం కూడా పోలేదు, ఇక నిర్ణయం తొందరగానే అయిపోతుంది అంది సంతోషంగా. నేనూ మంచిదమ్మా, మంచిదమ్మా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో, ఆ పిల్లే సరేనండీ ఉంటాను అని పెట్టేసింది.

ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగడం లేదు. ఒక లెడ్జరుకి ఫారాలు తలకిందులుగా కుట్టాను. నలభై ఆరేళ్ళలో మొదటిసారి. కత్తెర బాబాయి దాన్ని షాపులో అందరికీ ఎత్తి చూపించి, ఇది చదవాలంటే శీర్షాసనం వేయాలి అన్నాడు. నేను నవ్వలేదు. వాడికి అనుమానం వచ్చి, ఒంట్లో బాగుందా అని ఆ రోజంతా నా చుట్టూనే తిరిగాడు. ఎదురుచూపు అంటే ఇంతే కాబోలు అనుకున్నాను.

సరే, ఇప్పుడు కవరు వచ్చింది. ఆరు కాగితాలు! ఇంకేం కావాలి! రేపు పొద్దున పదింటికి మీ సైటు వ్యాను డిపో నుంచి బయలుదేరుతుంది. డ్రైవరుతో మాట్లాడాను. కవరు, ఈ ఉత్తరం కలిపి అట్టల మధ్య పెట్టి కట్టి ఇస్తాను, ఎక్కడా మడత పడదు. నువ్వు తెరిచాక మొదటి కాగితం చదివి ఒకసారి గట్టిగా అరువు. సొరంగం పనివాళ్ళు ఏమైనా అనుకోనీ. ఇక్కడ నాకు వినపడుతుంది.

పొంగిపోతున్న గుండెతో,
ఆరు కాగితాల బరువు మోస్తున్న నీ నాన్న

తా.క.
గురువారం, ఉదయం ఏడు.

కవరు తెరిచాను తల్లీ.

నిన్న సాయంత్రం షాపు కట్టేసి ఇంటికి వచ్చి, గోడ మీది అట్ట కాగితం ముందు కూర్చుని తెరిచాను. అంటించడం చేతనైనా మళ్ళీ అంటించలేదు. తెరిచిన కవరే నీకు వస్తోంది. పైన రాసిందంతా చింపేసి కొత్తగా రాద్దామనుకున్నాను. కానీ నిన్నటి సంతోషం అబద్ధం కాదు. అబద్ధం ఒక్కచోటే ఉంది. అదిప్పుడు చెప్పేస్తాను.

ముందు మంచి మాట. సీటు ఇచ్చారు. పందొమ్మిది పేపర్లు ఒప్పుకున్నారు, యాభై ఏడు. ఆ పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

ఐదో కాగితం ఆ ఇరవయ్యో పేపరు గురించి. నాకు అర్థం కాని మాటలు టీచరమ్మ చదివి చెప్పింది. నువ్వు పరీక్ష తప్పిన నెలకి కాలేజీవాళ్ళు నీకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపారట, ఫలానా తారీకున వచ్చి రాసుకోమని. అది అందినట్టు సంతకం ఉందట. అభ్యర్థి రాలేదట. కాబట్టి అవకాశం రాలేదని నువ్వు దరఖాస్తులో రాసింది రికార్డుతో కలవడం లేదట.

ఆ సంతకం నాది.

ఉత్తరం నాకే అందింది. షాపులో ఉండగా వచ్చింది. బడులు తెరిచే రోజులు, పన్నెండు వందల నోటుపుస్తకాలు కుట్టాలి. ఇంట్లో మీ అమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టడం నీ చేతికి వచ్చినట్టు నా చేతికి రాలేదు, నేను పట్టుకుంటే అరిచేది. సాయంత్రాలు నువ్వే వచ్చి నాతో ఫారాలు మడిచేదానివి. ఈ పిల్ల వెళ్ళిపోతే ఎలా అనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను. మూడో రోజు ఆ ఉత్తరాన్ని, చించడానికి చేతులు రాక, అప్పుడు కడుతున్న ఎవరిదో రిజిస్టరు వీపుకి ఆసరా కాగితంగా అంటించి పైన గుడ్డ వేసేశాను. వీపుకి వేసేది ఎప్పుడూ చిత్తు కాగితమే కదా. మర్నాడు ఆ రిజిస్టరు వెళ్ళిపోయింది. ఎవరిదో కూడా గుర్తులేదు. పరీక్ష తారీకు వెళ్ళిపోయింది. మీ అమ్మకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్ళు ఉంది, నువ్వు ఆరేళ్ళూ చూశావు. ఇంత మంచి కూతురు ఎవరికుంటుంది అని షాపులో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. చెప్పుకున్న ప్రతిసారీ ఆ ఉత్తరం గుర్తొచ్చేది.

నువ్వు వెళ్ళినా ఎలాగోలా గడిచేది. మనిషిని పెట్టుకునేవాణ్ణి. మీ అమ్మని తిప్పడం నేర్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో చూడు.

ఆ ఆదివారం నువ్వు అడిగినప్పుడైనా చెప్పాల్సింది. నా అబద్ధం మీద నీ చేత సంతకం పెట్టించాను.

ఆరో కాగితంలో దారి ఉంది. ఉత్తరం అందుకున్నవాడు ఆ సంగతి అభ్యర్థికి చెప్పలేదని తన చేత్తో రాసి సంతకం చేసి, కింద నువ్వు కూడా సంతకం పెట్టి పంపితే, ఆ ప్రత్యేక పరీక్ష పెడతారు. ఈ నెల ముప్ఫయ్యో తారీకులోగా వాళ్ళకి చేరాలి. పాసైతే అరవై.

పొద్దున అయిదింటికే లేచి రాశాను. టీచరమ్మ సాక్షి సంతకానికి కిందికి దిగి వచ్చింది. చదివింది. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, చెప్పడం మర్చిపోయాను అని రాసినా సరిపోతుందండీ, నియమం అంతకంటే అడగడం లేదు, మీ అమ్మాయి కూడా చదువుతుంది కదా అంది. నా మీద జాలితోనే అంది. నేను ఒక్క నిమిషం ఆలోచించాను, ఆలోచించలేదని అబద్ధమాడను. తర్వాత వద్దమ్మా అన్నాను. దాచాను అని రాశాను. అలాగే ఉంచాను. ఆవిడ సంతకం చేసి, టీ ఇస్తానన్నా తాగకుండా పైకి వెళ్ళిపోయింది.

ఫోన్లో చెప్పొచ్చు. నీ ఊపిరి వినాల్సి వస్తుందని చేయలేదు. ఇదొక పిరికితనం, దీన్నీ లెక్కలో వేసుకో.

ఆ కాగితం ఈ ఉత్తరం వెనకే ఉంది. నా సంతకం కింద నీకు చోటు వదిలాను. వచ్చే గురువారం వ్యాను తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు చేతికి ఇవ్వు, నేను డిపో దగ్గరే నిలబడి తీసుకుని నేరుగా ఆ ఆఫీసులో ఇచ్చి వస్తాను. నాకు ఉత్తరం రాయాలని నీకు అనిపించకపోతే రాయకు. ఒక్క అక్షరం రాయకపోయినా సరే. ఆ కాగితం మాత్రం పంపు. నా మీద కోపంతో దాన్ని ఆపకు తల్లీ, కోపం తర్వాత ఎన్నాళ్ళైనా పడు, నేనెక్కడికీ పోను.

పరీక్ష జూలై పదిహేను. మంగళవారం. ఉదయం పది గంటలకి. యూనివర్సిటీ రెండో బ్లాకు, మూడో నంబరు గది. తొమ్మిదిన్నరకే లోపల ఉండాలి. నీకు చెప్పాను.